మీ ఫోన్ స్పీడ్ వెనక కంపైలర్: క్రిస్ లాట్నర్, ఎల్ఎల్‌వీఎం కథ

ఫోన్ రివ్యూ అనగానే మనం ముందు చూసేది ప్రాసెసర్, ర్యామ్, బెంచ్‌మార్క్ స్కోర్. కానీ ప్రోగ్రామర్ రాసిన కోడ్‌ని ఆ ప్రాసెసర్‌కి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. స్పెక్స్ లిస్ట్‌లో దాని పేరు ఎక్కడా ఉండదు. రోజూ కోడ్ రాసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి, ఈసారి ఫోన్ పక్కన పెట్టి దాని గురించే చెబుతా.

అసలు సమస్య ఏంటి?

5 ప్రోగ్రామింగ్ భాషలు, 4 రకాల చిప్‌లు ఉన్నాయనుకోండి. ఒక్కో జతకీ విడిగా కంపైలర్ రాయాలంటే 20 కావాలి. అలా కాకుండా అన్ని భాషల్నీ ముందు ఒక ఉమ్మడి రూపంలోకి మార్చి, దాన్నుంచి చిప్ కోడ్ తీస్తే 9 భాగాలు చాలు. ఈ ఐడియా పాతదే. కానీ ఎవరికి కావాల్సిన ముక్క వాళ్లు తీసుకుని వాడుకునేలా దాన్ని కట్టింది ఎల్ఎల్‌వీఎం.

2000లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో స్టూడెంట్‌గా ఉన్న క్రిస్ లాట్నర్, ప్రొఫెసర్ విక్రమ్ ఆద్వే దగ్గర దీన్ని మొదలుపెట్టారు. ఆద్వే బీటెక్ చేసింది మన ఐఐటీ బాంబేలో. 2003లో మొదటి వెర్షన్ ఓపెన్ సోర్స్‌గా వచ్చింది. 2005లో లాట్నర్ యాపిల్‌లో చేరారు. అక్కడ సీ, సీ++ కోసం క్లాంగ్ కంపైలర్ పుట్టింది. 2010లో ఆయన మొదలుపెట్టిన స్విఫ్ట్ భాషని యాపిల్ 2014లో ప్రకటించింది.

ఐఫోన్‌కి మాత్రమేనా?

కాదు. 2017లో వచ్చిన పిక్సెల్ 2లో లైనక్స్ కెర్నల్‌ని క్లాంగ్‌తోనే కంపైల్ చేశారు. 2018లో గూగుల్ ఆండ్రాయిడ్ ఎన్‌డీకే నుంచి పాత జీసీసీ కంపైలర్‌ని తీసేసింది. రస్ట్ భాష వెనక ఉన్నదీ ఎల్ఎల్‌వీఎమ్మే.

మనకేంటి లాభం అంటారా? లూప్‌లో ప్రతిసారీ అదే లెక్క వస్తుంటే మంచి కంపైలర్ దాన్ని ఒక్కసారే చేసి పక్కన పెట్టుకుంటుంది. ఎవరూ వాడని ఫలితాల్ని అసలు లెక్కే కట్టదు. ఫొటో ఫిల్టర్ లాంటి చోట ఒక్కో నంబర్‌కి బదులు నాలుగింటిని ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో కలిపి చేయిస్తుంది. చిప్ అదే, పని తక్కువ. బ్యాటరీ కూడా మిగులుతుంది.

స్కోర్‌ని ఎంత నమ్మాలి?

2013లో అన్‌టూటూ బెంచ్‌మార్క్‌లో ఇంటెల్ ఆటమ్ ఫోన్లు ఏఆర్ఎం ఫోన్లని దాటేశాయి. విశ్లేషకులు లోపల చూస్తే, ఇంటెల్ వెర్షన్‌ని ఇంటెల్ సొంత కంపైలర్‌తో, ఏఆర్ఎం వెర్షన్‌ని జీసీసీతో తయారుచేశారని తేలింది. ఇంటెల్ కంపైలర్ మెమరీ టెస్ట్‌లో కొన్ని స్టెప్స్‌ని ఎగరగొట్టేసింది. అన్‌టూటూ అప్‌డేట్ ఇచ్చాక ఆటమ్ స్కోర్ పడిపోయింది. ఫోన్‌లో మాత్రం ఏ మార్పూ లేదు. పాత స్కోర్ చూసి డబ్బులు పెట్టినవాళ్లకి అందులో ఎంత చిప్‌దో, ఎంత కంపైలర్‌దో తెలిసే దారి లేదు.

అందుకే నా సలహా ఒక్కటే: స్కోర్లు పోల్చాలంటే ఒకే బెంచ్‌మార్క్, ఒకే వెర్షన్‌వి పోల్చండి. ఆ తర్వాత మీరు రోజూ వాడే యాప్‌లు ఆ ఫోన్‌లో ఎలా నడుస్తున్నాయో చూసి నిర్ణయించుకోండి. డబ్బులు పెట్టేది స్కోర్ మీద కాదు కదా, వాడకం మీద.