పాత మోనో రికార్డును ఫోన్‌లోకి ఎక్కిస్తున్నారా? చిటపటలు ఇలా తగ్గించండి

నల్గొండలో మా తాతకు కుడి చెవి వినపడదు. ‘మాయాబజార్’ (1957) పాటలంటే ప్రాణం. మొన్న ఆ రికార్డును ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తే ఒకటే చిటపటలు! సగం తప్పు నా స్టీరియో ముల్లుదే. మోనో రికార్డులో పాట ఉండేది గాడి అటూ ఇటూ వంకర తిరగడంలోనే. ముల్లు పైకీ కిందికీ ఎగిరితే అది పాట కాదు, దుమ్మూ గీతల శబ్దం. స్టీరియో ముల్లు రెండూ పట్టేస్తుంది. ఆడాసిటీలో ‘మిక్స్ స్టీరియో డౌన్ టు మోనో’ కొట్టండి. రెండు చానళ్లు కలిసి, ఆ నిలువు శబ్దం చాలావరకు కొట్టుకుపోతుంది. పెద్ద గీతల టప్‌టప్‌లు మాత్రం పోవు.

2010లో వచ్చిన కలర్ వెర్షన్‌కు డీటీఎస్ సౌండ్ చేశారు, నిజమే. ఒక్క ఇయర్‌బడ్‌తో వినే తాతకు అదెందుకు? మోనోలో ఘంటసాల, లీల ఇద్దరూ ఎడమ చెవిలోనే పూర్తిగా వినిపిస్తారు. కొత్త పాటల కోసం ఆయన ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ‘మోనో ఆడియో’ ఆన్ చేసిచ్చాను.