ఎనిమిది బయలుదేరితే ఎన్ని చేరతాయి?

మా ప్రాజెక్టులో ప్రశ్న చిన్నదే. ఎనిమిది ప్రాసెసర్లు, ఎనిమిది మెమొరీలు, మధ్యలో వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసల స్విచ్‌లు. ఎనిమిదీ ఒకేసారి అడిగితే ఎన్ని అభ్యర్థనలు గమ్యం చేరతాయి? ప్రోగ్రాం వ్రాసి రాత్రంతా ఆడించాం. తెల్లవారాక మా మాస్టారు చూసి, "ముందు కాగితం తియ్యవోయ్" అన్నారు. పది నిమిషాల్లో తేలిన ఆ లెక్క ఇదీ.

ఒక్కో స్విచ్‌కు లోపలికి రెండు దారులు, బయటికి రెండు. వచ్చిన అభ్యర్థన ఎటు పోతుందనేది బొమ్మా బొరుసూ వంటిది అనుకుందాం. రెండూ ఒకే దారి కోరితే ఒకదానికే చోటు, రెండోది పోయినట్టే. ఒక దారిని రెండూ కోరకపోయే అవకాశం సగంలో సగం, అనగా 0.25. కాబట్టి ఆ దారి నిండే అవకాశం 0.75.

రెండో వరుసకు చేరేది ఈ 0.75 మాత్రమే. అందులో సగం, 0.375, ఒక దారిని కోరుతుంది. కోరకపోవడం 0.625. దాన్ని దానితోనే గుణించి ఒకటిలోంచి తీసేస్తే 0.61. మూడో వరుసలోనూ అలాగే చేస్తే 0.52. అంటే ఎనిమిదింటిలో చేరేవి నాలుగు, మహా అయితే కాస్త ఎక్కువ! 1981లో జనక్ పటేల్ ప్రచురించిన పద్ధతి ఇదే.

ప్రతి ప్రాసెసర్‌నూ ప్రతి మెమొరీతో నేరుగా కలిపే క్రాస్‌బార్ అయితే అయిదు పైచిలుకు చేరతాయి. మరి అదే పెట్టుకోవచ్చుగా అంటారా? 1024 ప్రాసెసర్లకు దానిలో పది లక్షలకు పైగా కూడళ్ళు కావాలి. మన స్విచ్‌ల అల్లికకు, స్విచ్‌కు నాలుగు చొప్పున, 20,480 చాలు.

సెమినార్‌లో ఇదంతా గర్వంగా చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక జూనియర్ లేచి, "అన్నా, ఎనిమిదీ ఒకే మెమొరీని అడిగితే?" అంది. నాకు నోరు పెగల్లేదు. అప్పుడు చేరేది ఒక్కటే! లెక్క తప్పు కాదు. బొమ్మా బొరుసూ అన్నది నా ఊహేనని సభకు చెప్పకుండా దాటేశాను, అదీ తప్పు. ఈ చిక్కునే 1985లో ఫిస్టర్, నార్టన్‌లు 'హాట్ స్పాట్' అన్నారు. అందరూ ఒక్క మెమొరీ మీద ఎగబడితే, క్యూలున్న స్విచ్‌లలో దానితో పనిలేని అభ్యర్థనలు కూడా ఇరుక్కుపోతాయి.

రాత్రంతా ఆడించిన ప్రోగ్రాం వృథా కాలేదు. ఊహ చెదిరినచోట అదే దిక్కయింది. ఇప్పుడు ఏ లెక్కకైనా మొదటి పంక్తిలో "ఇలా అనుకున్నాను" అని వ్రాస్తున్నాను. మీరూ వ్రాయండి.