కొండ ఎత్తున నిద్ర: పరుగెత్తేవారికి మేలెంత?



పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం రావాలంటే 1600 మీటర్ల పరుగులో నెగ్గాలి. కైరుప్పల, ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో తెల్లవారుజామునే లేచి పరుగెత్తే యువతీయువకులకు ఇది బతుకుదెరువు ప్రశ్న. పేరున్న క్రీడాకారులు 'ఆల్టిట్యూడ్ టెంట్' అనే గుడారంలో పడుకుంటారని, దానివల్ల అలసట త్వరగా తీరుతుందని విన్నవారు మనలోనూ ఉంటారు. ఇందులో నిజమెంతో చూద్దాం.

ఏమిటీ గుడారం?

మనం పీల్చే గాలిలో దాదాపు 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. మంచం చుట్టూ గుడారం కట్టి, ఆక్సిజన్‌ను 15 శాతానికి తగ్గించిన గాలిని యంత్రంతో లోపలికి పంపుతారు. ఆదోని సముద్రమట్టానికి సుమారు 435 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడే ఈ గుడారంలో పడుకుంటే సుమారు 3,000 మీటర్ల కొండపై నిద్రపోయినట్లే.

ఆక్సిజన్ తగ్గినప్పుడు మూత్రపిండాలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. దానివల్ల ఎముక మూలుగలో ఎర్ర రక్తకణాల తయారీ పెరుగుతుంది. ఇవే కండరాలకు ఆక్సిజన్ మోసుకెళ్ళేవి. అయితే ఇది ఒకటి రెండు రాత్రుల్లో జరగదు. రోజుకు 12 గంటలకు పైగా, మూడు నాలుగు వారాలు ఆ గాలిలోనే ఉండాలి.

పరిశోధనల్లో తేలినదేమిటి?

1997లో అమెరికా పరిశోధకులు లెవైన్, స్ట్రే-గుండర్సన్ కొందరు పరుగు క్రీడాకారులను నాలుగు వారాలు 2,500 మీటర్ల ఎత్తున ఉంచి, 1,250 మీటర్ల వద్ద సాధన చేయించారు. 5,000 మీటర్ల పరుగులో వారి సమయం సగటున 13 సెకన్లు తగ్గింది. అది నిజమైన కొండ. 2012లో వెలువడిన మరో పరిశోధనలో 16 మంది సైకిల్ క్రీడాకారులను నాలుగు వారాలు, రోజుకు 16 గంటల చొప్పున గదుల్లో ఉంచారు. కొందరి గదుల్లో 3,000 మీటర్ల ఎత్తుకు సమానమైన గాలి, మిగిలినవారి గదుల్లో మామూలు గాలి. ఎవరికి ఏ గాలి అన్నది వారికి తెలియనివ్వలేదు. చివరకు రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అలసట తీరుతుందా?

ఆక్సిజన్ తగ్గిన చోట నిద్రపోతే శ్వాస వేగమవుతుంది, మధ్యలో కొన్ని క్షణాలు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. మాటిమాటికీ మెలకువ వస్తుంది. గాఢనిద్ర తగ్గుతుంది. కష్టపడిన శరీరం కోలుకునేది ఆ గాఢనిద్రలోనే. కాబట్టి ఈ గుడారం రక్తాన్ని పెంచినా, అలసట తీర్చే సాధనం కాదు.

పర్వతారోహకులకు ఈ సంగతి బాగా తెలుసు. నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ వయసులో, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అలాంటి శిఖరాలకు వెళ్ళేవారు శరీరాన్ని అలవాటు చేసుకోవడానికి పగలు పైకి ఎక్కి, రాత్రి కిందికి దిగి నిద్రపోతారు.

మనకు కావలసినది ఏమిటి?

ఎర్ర రక్తకణాలకు ముడిసరుకు ఇనుము. అది లేకపోతే ఏ కొండ గాలీ రక్తాన్ని పెంచలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉంది. కాబట్టి:

1. సాధన మొదలుపెట్టే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. పురుషులకు 13, స్త్రీలకు 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే డాక్టరును కలవండి.

2. సజ్జ రొట్టె, ఆకుకూరలు, పప్పులు, వీలైతే మాంసం తినండి. అన్నంలో నిమ్మరసం పిండుకోండి. తిన్న వెంటనే టీ తాగకండి.

3. రోజుకు ఏడెనిమిది గంటలు నిద్రపోండి. వేకువనే పరుగెత్తాలంటే రాత్రి పెందలాడే పడుకోవాలి.

4. గుడారానికి బదులు ముఖానికి ప్లాస్టిక్ కవరు కట్టుకోవడం, కిటికీలన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం ఎన్నడూ చేయకండి. అది సాధన కాదు, ప్రాణాపాయం.

5. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారు డాక్టరును అడగకుండా ఎత్తైన చోట్లకు సాధనకు వెళ్ళకూడదు.

కడుపు నిండా మంచి తిండి, కంటి నిండా నిద్ర. వీటికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు.