ముక్కు దూలం వంకర: ఏ ఆపరేషన్ మంచిది?

“ముక్కులో దూలం పెరిగిందన్నారండీ, కోసేస్తే పోతుందా?” అని అడిగేవారు మా ఆసుపత్రికి తరచు వస్తుంటారు. దూలం పెరగదు, వంగుతుంది. రెండు రంధ్రాల మధ్య అడ్డుగోడలాంటి ఈ దూలంలో ముందు భాగం మృదులాస్థి, అంటే మెత్తని ఎముక. వెనుక భాగం గట్టి ఎముక. దూలం పూర్తిగా నిటారుగా ఉండేవారు అరుదు. కాబట్టి ఊపిరాడక బాధపడుతూ, మందులతో తగ్గనప్పుడే ఆపరేషన్ మాట. తుమ్ములు, జలుబు కారడం ఎలర్జీవల్ల వచ్చేవి. అవి ఏ కత్తికీ లొంగవు.

పాత పద్ధతి ఎస్.ఎం.ఆర్. అమెరికాలో ఫ్రీర్, జర్మనీలో కిలియన్ 1900 తరువాతి తొలి ఏళ్లలో దీన్ని తీర్చిదిద్దారు. పైపొరను లేపి, లోపలి మృదులాస్థినీ ఎముకనూ చాలావరకు తీసేస్తారు. పైనా, ముందూ సుమారు 1 సెంటీమీటరు పట్టీ మాత్రం ఉంచుతారు. గాలి బాగానే ఆడుతుంది. కాని ఆ పట్టీ బలహీనపడితే ముక్కు మధ్యలో గుర్రపు జీనులా పల్లం పడుతుంది. రెండువైపులా పొర ఒకేచోట చిరిగితే దూలానికి కన్నం పడి, పక్కులు కట్టి రక్తం రావచ్చు. కన్నం చిన్నదైతే ఊపిరి తీసినప్పుడల్లా ఈల వినిపిస్తుంది! ముక్కు ఎదిగే వయసు పిల్లలకు ఇది పనికిరాదు.

ఆ తరువాత కాటిల్ వంటివారు ప్రచారంలోకి తెచ్చిన సెప్టోప్లాస్టీలో, అడ్డొచ్చిన ముక్కను మాత్రమే తీసి, మిగతా దూలాన్ని సరిచేసి నిలబెడతారు. నా మొగ్గు దీనివైపే.

ఇక, “కెమెరాతో చేస్తే కోతే ఉండదట కదా?” అంటారు. ఉంటుంది, లోపల, చిన్నది. 1990ల నుంచి వాడుకలోకి వచ్చిన ఈ ఎండోస్కోపు పద్ధతి, లోపల ముల్లులా పొడుచుకొచ్చిన వంకరకు ఎంతో మేలు. కాని దూలం ముందు అంచే పక్కకు జరిగి, రంధ్రంలోంచి కనబడుతుంటే ఎండోస్కోపు ఒక్కటే చాలదు. మామూలు సెప్టోప్లాస్టీయే కావాలి. కెమెరా కోసం అప్పు చేసేముందు, “నా దూలం ఎక్కడ వంగింది?” అని మీ డాక్టరును అడగండి.

ఆపరేషన్ ఏదైనా, కొద్ది రోజులు ముక్కు చీదకూడదు, బరువులెత్తకూడదు. ముక్కులోని కట్టు తీశాక రెండు రంధ్రాలూ మళ్లీ బిగుసుకుపోయి, ముక్కు సలుపుతూ, జ్వరం వస్తే దూలంలో రక్తం గూడుకట్టి ఉండవచ్చు. తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.