కీబోర్డులో తోడి గాంధారం

యోగి కైవారం తాతయ్య తత్వాలు పుట్టిన కైవారం 2007 దాకా కోలారు జిల్లాలోదే. చిక్కబళ్ళాపురం విడి జిల్లా అయినప్పుడు అటు వెళ్ళింది. జిల్లా గీతలు మారినా, ఈ సీమ భజన గుడుల్లో ఆయన తెలుగు కీర్తనలు ఆగలేదు. పక్కన ఎప్పుడూ ఉండే హార్మోనియానికి ఇప్పుడు ఎలక్ట్రానిక్ కీబోర్డు తోడవుతోంది. ఆ కీబోర్డును ఓ పాత కంప్యూటర్‌కు కలిపితే, సాఫ్ట్‌వేర్‌కు రూపాయి పెట్టకుండా ఊళ్ళోనే పాట రికార్డు చేసుకోవచ్చు.

పాత కంప్యూటర్ తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. 2001లో బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్ (కోలారు గోల్డ్ ఫీల్డ్స్) జనం ఎందరో మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్ళొస్తున్నారు. అక్కడి ఎస్పీ రోడ్డులో వాడిన కంప్యూటర్లు దొరుకుతాయి. కొత్త విండోస్‌ను మోయలేని యంత్రం కూడా ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌తో పనికొస్తుంది. పాట పేర్చి రికార్డు చేసే ఆర్డర్, వాద్యాల ధ్వని పలికించే ఫ్లూయిడ్‌సింథ్ ఉచితంగానే వస్తాయి.

కీబోర్డుకూ కంప్యూటర్‌కూ మధ్య నడిచే భాష మిడి. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600 అనే కీబోర్డు, జపాన్ రోలండ్ కంపెనీ జూపిటర్-6 ఒకే తీగతో కలిసి పలికాయి. పోటీ కంపెనీలు ఒప్పుకున్న ఆ పద్ధతే నేటికీ నడుస్తోంది. తీగలో పోయేది ధ్వని కాదు, అంకెలు. నడిమి షడ్జం మీట నొక్కితే 144, 60, 100 వెళ్ళొచ్చు: ఒకటో ఛానెల్‌లో స్వరం మొదలైంది, అది 60వ స్వరం, నొక్కిన బలం 100.

యూఎస్‌బీ కీబోర్డులు చాలావాటికి లినక్స్‌లో విడిగా డ్రైవర్ అక్కర్లేదు, తీగ పెడితే చాలు. అయిదు పిన్నుల పాత కీబోర్డైతే మధ్యలో ఒక ఇంటర్‌ఫేస్ కావాలి. కీబోర్డు ‘ఔట్’ దాని ‘ఇన్’లోకి పోవాలి. కొత్తవాళ్ళు తికమకపడేది దీని తర్వాతే: కీబోర్డు కనిపిస్తుంది, కానీ పలకదు. లినక్స్‌లో చాలాసార్లు ఎవరిని ఎవరితో కలపాలో మనమే చెప్పాలి. ‘ఎకనెక్ట్ -l’ (aconnect -l) ఆదేశం ఇస్తే జాబితా వస్తుంది. అందులో కీబోర్డు 20:0, ఫ్లూయిడ్‌సింథ్ 128:0 అని ఉంటే, మొదటిదాన్ని రెండోదానికి కలపాలి. అప్పటికీ పలక్కపోతే ‘ఎసెక్‌డంప్ -p 20:0’ (aseqdump -p 20:0) తెరిచి మీట నొక్కి చూడాలి. అంకెలు తెరమీదికి వస్తుంటే తీగ బాగున్నట్టే, లోపం ధ్వని వైపు వెతకాలి.

మీట నొక్కాక ధ్వని ఆలస్యమైతే బఫర్ (ధ్వనిని పంపేముందు కూడగట్టే నమూనాల సంఖ్య) తగ్గించాలి. సెకనుకు 48,000 నమూనాల వేగంలో 1024 బఫర్ అంటే 21 మిల్లీసెకన్లు, 128 అయితే మూడు లోపే. మరీ తగ్గిస్తే పాత యంత్రం అందుకోలేక చిటపటమంటుంది.

మన సంగీతానికి అసలు పరీక్ష గమకం, అంటే స్వరాన్ని ఊపడం. స్వరాలు కదలవన్నది సహా పలు ఆక్షేపణలతో ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని దూరం పెట్టింది. మీటలున్న కీబోర్డుకూ అదే చిక్కు. అయితే చాలా కీబోర్డులకు ఎడమ చివర పిచ్ బెండ్ చక్రం ఉంటుంది. దాని కదలికకు మిడి ఇచ్చిన మెట్లు 16,384. మామూలుగా అది రెండు స్వరస్థానాలు పైకి, రెండు కిందికి లాగుతుంది. తోడి రాగానికి సరిగ్గా అంతే కావాలి! సాధారణ గాంధారం మీట మీద వేలుంచి చక్రం తిప్పితే కింద శుద్ధ రిషభం, పైన శుద్ధ మధ్యమం అందుతాయి. వాటి మధ్య ఆ గాంధారాన్ని ఊపడం ఇక సాధన మీద ఆధారపడింది.

ఒక జాగ్రత్త. చక్రం ఛానెల్ మొత్తాన్నీ లాగుతుంది. శ్రుతి కూడా అదే ఛానెల్‌లో ఉంటే గాంధారంతో పాటు అదీ ఊగి, పాడేవారికి ఆధారం పోతుంది. మిడిలో 16 ఛానెళ్ళున్నాయి గనుక శ్రుతికి వేరే ఛానెల్ ఇవ్వాలి.

ఇలా మిడి అంకెలుగా దాచిన కీర్తన ధ్వని రికార్డుతో పోలిస్తే ఎంతో చిన్న ఫైలు. పాడేది మగవారైతే ఒకటిన్నర శ్రుతికి, ఆడవారైతే అయిదుకు, నేర్చుకునే పిల్లలకైతే సగం వేగానికి దాన్నే మార్చి వాడుకోవచ్చు.