సాగరతీరాన రెండు రోజులు: అలసట లేని కుటుంబ విహారం

ఆదివారం రాత్రి బాగా పొద్దుపోయాక ఇల్లు చేరుతారు. సోమవారం తెల్లవారేసరికి పిల్లవానికి విరేచనాలు, తాతగారికి మోకాళ్ళ నొప్పులు, ఇంటి యజమానికి తలనొప్పి. ఇల్లాలి ఎదుట ఇసుక నిండిన బట్టల మూట. రెండు రోజులు సముద్రతీరంలో హాయిగా గడిపి రావాలని బయలుదేరిన అనేక కుటుంబాల అనుభవం ఇదే. ఇందులో దోషం సముద్రానిది కాదు, మన ప్రణాళికది. చూడవలసిన స్థలాలకు జాబితా వ్రాసుకుంటాము గాని, విశ్రాంతికి వేళ కేటాయించము.

శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలు మూడని ఆయుర్వేదం చెప్పింది. అవి ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం. విహారయాత్రలలో ముందుగా దెబ్బతినేవి మొదటి రెండే. వేళకు భోజనం, వేళకు నిద్ర ఉండేటట్లు చూసుకుని, మిగిలిన కాలంలోనే విహారాన్ని అమర్చుకుంటే సగం అనారోగ్యాలు దరిచేరవు.

ఎక్కడికి? ఎప్పుడు?

విశాఖపట్నానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట ఉన్న భీమునిపట్నాన్ని ఉదాహరణగా తీసుకుందాము. డచ్చివారి కాలం నాటి సమాధులు, దీపస్తంభం, పావురాలకొండ మీది బౌద్ధ శిథిలాలు గల ప్రాచీన పట్టణమిది. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడింది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవారికి ఇది అనుకూలం. గుంటూరు, కృష్ణా ప్రాంతాలవారు ఇదే పద్ధతిని బాపట్ల సమీపంలోని సూర్యలంకకు అన్వయించుకోవచ్చు. రాత్రంతా ప్రయాణించవలసిన దూరం ఉన్నవారు మాత్రం మరొక రోజు సెలవు దొరికినప్పుడే బయలుదేరడం మంచిది.

డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం సుఖంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు మాసాలలో తుఫాను హెచ్చరికలను గమనించి నిర్ణయించుకోవాలి. వేసవిలో తీరప్రాంతపు ఉక్క వృద్ధులకు, పసిపిల్లలకు భారమవుతుంది.

ప్రయాణంలో జాగ్రత్తలు

బయలుదేరే ముందు కడుపు నిండా తినరాదు. రెండు ఇడ్లీలో, అరటిపండో చాలు. ప్రయాణంలో వాంతులయ్యేవారు చిన్న అల్లం ముక్కను నములుతూ, వాహనంలో ముందువైపు కూర్చోవాలి. దారిలో తినడానికి పులిహోర శ్రేష్ఠం. చింతపండు పులుపు వలన అది త్వరగా చెడదు. దద్దోజనం ఎండవేళకు పులిసిపోతుంది కాబట్టి వద్దు. వేయించిన శనగలు, మరమరాలు పిల్లల ఆకలికి సరిపోతాయి.

మన ఇళ్ళలో ఎవరూ పైకి చెప్పని సమస్య ఒకటి ఉన్నది. దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనన్న సంకోచంతో స్త్రీలు ఉదయం నుండి మంచినీళ్ళు తాగరు, మూత్రాన్ని ఆపుకుంటారు. చరక సంహిత సూత్రస్థానంలో, ఆపుకోరాని వేగాలను గురించి ఒక అధ్యాయమే ఉన్నది. అక్కడ చెప్పిన పదమూడు వేగాలలో మూత్రవేగం ఒకటి. నీరు తాగకపోవడం, మూత్రాన్ని బిగబట్టడం మూత్రంలో మంటకు, ఇన్‌ఫెక్షనుకు దారితీస్తాయి. కాబట్టి రెండు గంటలకొకసారి శుభ్రమైన చోట వాహనాన్ని ఆపడం యాత్రా ప్రణాళికలో భాగం కావాలి. ఆపమని అడిగే అవసరం స్త్రీలకు కలుగనీయరాదు.

మొదటి రోజు

బసకు చేరి, భోజనం చేసిన తరువాత మధ్యాహ్నం ఏ కార్యక్రమమూ పెట్టుకోవద్దు. గ్రీష్మంలో తప్ప పగటి నిద్ర కూడదని ఆయుర్వేదం చెప్పినా, బాలురకు, వృద్ధులకు, ప్రయాణంతో అలసినవారికి మినహాయింపునిచ్చింది. ఈ మినహాయింపును ఆ రోజు నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

సాయంత్రం నాలుగు గంటలు దాటాక తీరానికి వెళ్ళండి. ఉదయం పది నుండి నాలుగు వరకు ఎండ తీవ్రంగా ఉంటుంది. నీటిమీద, ఇసుకమీద పడిన వెలుగు తిరిగి శరీరానికి సోకుతుంది. నూలు బట్టలు, గొడుగు, టోపీ తప్పనిసరి. మధుమేహం ఉన్నవారు ఇసుకలో చెప్పులు లేకుండా నడవరాదు. పాదాలలో స్పర్శ తగ్గినవారికి కాలిన సంగతి, గవ్వ గుచ్చుకున్న సంగతి తెలియకపోవచ్చు.

రాత్రి ఎనిమిదిలోగా మితంగా భోజనం ముగించాలి. తాజా చేపలు దొరికే ఊరు గనుక వాటిని రుచి చూడవచ్చును గాని, వెంటనే పాలు తాగవద్దు. చేపలను, పాలను కలిపి తీసుకోవడం విరుద్ధాహారమని ఆయుర్వేద మతం. పడుకునే ముందు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన చేస్తే పాదాల అలసట తీరి, సుఖంగా నిద్ర పడుతుంది.

సముద్రస్నానం

మన తూర్పుతీరంలో ప్రశాంతంగా కనిపించే నీటి అడుగున కూడా బలమైన ప్రవాహాలు ఉంటాయి. ఒడ్డును తాకిన నీరు ఒక పాయగా లోపలికి మరలుతూ మనిషిని లాగివేస్తుంది. నదీముఖం వద్ద ప్రమాదం మరింత ఎక్కువ. స్థానిక మత్స్యకారులు వద్దన్న చోట దిగరాదు. మోకాలి లోతు దాటవద్దు. పిల్లలను చూస్తూ ఉండే బాధ్యత ఒక పెద్దవారికి పేరుపెట్టి అప్పగించాలి. అందరూ చూస్తున్నారనుకున్న చోట ఎవరూ చూడకపోవడమే ప్రమాదాలకు మూలం. ఒకవేళ ప్రవాహంలో చిక్కితే, దానికి ఎదురీదక, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. ఈత రానివారు పెనుగులాడక, వెల్లకిలా తేలుతూ చేయెత్తి సహాయం కోరాలి.

జెల్లీచేప తగిలితే ఇసుకతో రుద్దరాదు, మంచినీటితో కడగరాదు. సముద్రపు నీటితోనే కడగాలి. ఊపిరి ఆడకపోతే క్షణం ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

స్నానానంతరం మంచినీటితో ఒళ్ళు కడుక్కుని, పలుచగా కొబ్బరినూనె రాసుకుంటే ఉప్పునీటి వలన వచ్చే పొడిదనం తగ్గుతుంది. ఎండకు చర్మం కందితే తడిబట్ట, కలబంద గుజ్జు ఉపశమనమిస్తాయి.

రెండవ రోజు

సూర్యోదయం చూడండి. వలలు లాగే దృశ్యాన్ని పిల్లలకు చూపించండి. ఫలహారం తరువాత ఒక్క స్థలం మాత్రమే చూడాలి. దీపస్తంభమో, పావురాలకొండో, ఏదో ఒకటి. దారిలోనే ఉన్నాయి కదా అని ఋషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు అన్నిటినీ కలిపితే అది విహారం కాదు, పరుగుపందెం. మిగిలినవి మరో యాత్రకు ఉంచండి. మధ్యాహ్నం మూడు గంటలకు బయలుదేరితే దగ్గరివారు చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు. దూరం వెళ్ళవలసినవారు ఉదయపు ఫలహారం కాగానే బయలుదేరాలి. ఆ రాత్రి మిరియాల చారు, అన్నం చాలు.

వెంట ఉండవలసినవి

చిన్న డబ్బాలో వాము, శొంఠి, జీలకర్ర, పసుపు, మరొక సీసాలో కొబ్బరినూనె. కడుపు ఉబ్బరానికి వాము నీళ్ళు, అజీర్ణానికి జీలకర్ర కషాయం ఉపకరిస్తాయి. రక్తపోటు, మధుమేహం మందులు చేతిసంచిలోనే ఉండాలి. విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉంచుకోండి. అవి లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచాలు టీ చెంచాలే, తలకొట్టి కొలవాలి. కొబ్బరినీళ్ళు మంచివేగాని, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా పొందాలి. ఎండలో తిరిగినవారు ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, వెంటనే 108కి తెలియజేయాలి. ఇక్కడ గృహవైద్యంతో కాలయాపన తగదు.

ఇల్లాలికీ విశ్రాంతి

వంటింటిని వెంట మోసుకుపోయే అలవాటు మానాలి. బసలో భోజనం దొరికేచోట స్టవ్వు, గిన్నెలు ఎందుకు? మంచాలు సర్దడం, పిల్లలకు స్నానం చేయించడం, తిరిగి వచ్చాక బట్టలు నానబెట్టడం వంటి పనులను బయలుదేరే ముందే అందరూ పంచుకోవాలి. అందరికీ అన్నీ అమర్చే మనిషి ఆ రెండు రోజులలో ఒక్క గంటయినా ఏ పనీ లేకుండా అలలను చూస్తూ కూర్చోగలిగిందా? యాత్ర సఫలమైనదో కాదో తెలుసుకోవడానికి ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.