కారు షాపు బోర్డు మీద ఏం రాయాలి?

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి కొడుకు కార్ల డిటైలింగ్ షాపు పెడుతున్నాడు. డిటైలింగ్ అంటే నీళ్లు కొట్టి తుడవడం కాదు. పెయింటు మీది సన్నటి గీతల్ని పాలిష్‌తో తీసి, పైన కోటింగ్ వేయడం. అయిదేళ్లు మరొకరి దగ్గర పనిచేసి కూడబెట్టిందంతా ఇందులో పెట్టాడు. షెడ్డు, యంత్రాలు సిద్ధం. పేరే తేలలేదు. "ఫిజిక్స్ చదివావు కదా అన్నా, ఏది బాగుందో చెప్పు" అంటూ మూడు పేర్లు వాట్సాప్‌లో పంపాడు. డైమండ్, 9హెచ్, నానో, గ్రాఫీన్... మూడింట్లోనూ ఇవే మాటలు అటూఇటూ మారాయి.

ముందు 9హెచ్ సంగతి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేలులో వజ్రానిది 10. కాబట్టి 9 అంటే వజ్రానికి ఒక్క మెట్టు కింద అనుకుంటారు చాలామంది, మా తమ్ముడితో సహా. కానీ ఈ 9హెచ్ పెన్సిల్ మీద ఉండే హెచ్. పెయింటు పరిశ్రమలో పూత గట్టిదనాన్ని పెన్సిళ్లతో గీసి చూస్తారు. 9బీ అన్నిటికన్నా మెత్తన, 9హెచ్ అన్నిటికన్నా గట్టి. ఆ పెన్సిల్‌కీ గీత పడలేదంటే 9హెచ్ పూత అన్నమాట. పెన్సిల్ ముల్లు గ్రాఫైట్, బంకమట్టి కలిపి చేసిందే. మన రోడ్ల దుమ్ములో ఉండే ఇసుక రేణువు క్వార్ట్జ్. మోస్ స్కేలులో దానిది 7. మురికి గుడ్డతో రుద్దితే 9హెచ్ పూత మీదా గీతలు పడతాయి. బోర్డు మీద 'డైమండ్' చూసి వచ్చిన కస్టమర్ అప్పుడు ఎవరిని నిలదీస్తాడు?

గ్రాఫీన్ అంటే ఒకే ఒక్క కార్బన్ పరమాణువు మందం ఉండే పొర. 2004లో దాన్ని వేరుచేసి చూపిన గైమ్, నొవొసెలోవ్‌లకు 2010లో నోబెల్ వచ్చింది. కోటింగ్ సీసాలో అది ఎంత ఉందో, ఏ రూపంలో ఉందో షాపులో తేల్చే దారి లేదు. తనే చూపించలేనిదాన్ని బోర్డెక్కించడం నాకు నచ్చలేదు.

బాబాయి 'లోటస్' అన్నాడు. తామరాకు మీద నీటిబొట్టులా జారిపోవాలని. అందమైన ఊహే, కానీ తామరాకు ఉపరితలం నున్నగా ఉండదు. కంటికి కనబడని బుడిపెలు, వాటి మీద మైనం. అందుకే బొట్టు ఆకుతో చేసే కోణం 150 డిగ్రీలు దాటుతుంది. నున్నటి పూత మీద, ఏ రసాయనం వాడినా, అది 120 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కారేమో నున్నగా ఉండాలి. రెండూ ఒకచోట కుదరవు.

చివరికి పిన్ని తేల్చింది. "తోమాక ఎలా ఉంటుంది? వంకాయలా నిగనిగలాడుతుంది. అదే పెట్టండి."

గిన్నెలు తళతళ, నగలు ధగధగ, చుక్కలు మిలమిల. నిగనిగ మాత్రం నల్లటి జుట్టుకు, వంకాయకు. ముదురు రంగు లోపలి నుంచి వెలుతురును పెద్దగా వెనక్కి పంపదు. నున్నటి పైపొర అద్దంలా తిప్పికొట్టేదే కంటికి అందుతుంది. గీతలు పడితే ఆ వెలుతురు చెదిరి నిగనిగ పోతుంది. డిటైలింగ్ పని మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది!

శబ్దానికీ రూపానికీ సంబంధం ఉందా అని కోహ్లర్ 1929లోనే అడిగాడు. 2001లో రామచంద్రన్, హబ్బర్డ్ చేసిన పరిశీలనలో అమెరికా విద్యార్థులూ, ఇక్కడి తమిళులూ ఎక్కువమంది 'బూబా'ను గుండ్రటి బొమ్మకు, 'కికీ'ని మొనలున్న బొమ్మకు జతచేశారు. అది ఆకారాల ముచ్చట, మెరుపుది కాదు. దాన్నిబట్టి నిగనిగకు గిరాకీ వస్తుందని నేను చెప్పను.

చిక్కు మరోచోట ఉంది. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం సెక్షన్ 9 ప్రకారం, సేవ లక్షణాన్ని నేరుగా వర్ణించే మాటకు రిజిస్ట్రేషన్ దొరకడం కష్టం. జనాన్ని తప్పుదారి పట్టించే మాటకూ అంతే. 'డైమండ్'కు రెండో చిక్కు రావచ్చు, 'నిగనిగ'కు మొదటిది. ప్రత్యేకమైన బొమ్మతో కలిపితే కొంత నయం. వాహనాల శుభ్రత 37వ తరగతిలోకి వస్తుంది. అందులో ఇదే పేరు ముందే ఎవరికైనా ఉందేమో రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఇద్దరం కూర్చుని వెతికాం.

బోర్డు మీద వంకాయ బొమ్మ వేయిస్తున్నాడు. రంగు ఎంత ముదురుగా ఉండాలని పెయింటర్ అడుగుతున్నాడట.